పాలు మాన్పించిన పది రోజులు

పందుల ఫారంలో లాభనష్టాలు కాటా దగ్గర తేలతాయని అందరూ అనుకుంటారు. కాటా తూకం మాత్రమే చెబుతుంది. తల్లి దగ్గర్నుంచి పిల్లల్ని విడదీసిన మొదటి పది రోజుల్లోనే ఆ తూకంలో సగం ఖాయమైపోతుంది. ఆ రోజుల్లో పారుడు పట్టి బతికి బయటపడ్డ పిల్లకు తోటి పిల్లల్ని అందుకోవడానికి వారాలు పడుతుంది. కొన్ని అమ్మే రోజు దాకా అందుకోలేవు.

ఈ అధ్యాయం ఆ పది రోజుల గురించి. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో మందుల షాపు ముందు అయిదు నిమిషాలు నిలబడితే ఈ మాటలు వినబడతాయి.

"పిల్లలు పారుతున్నాయండి. దాణాలో ఏం కలపమంటారు?"

"ఇది తీసుకెళ్లండి. బస్తాకి ఇంత అని వేసేయండి. మూడు రోజుల్లో కట్టేస్తది."

ఎన్ని రోజుల పిల్లలని ఎవరూ అడగరు. విడదీసి ఎన్నాళ్లయింది, నీళ్లు ఎక్కడివి, నేల తడిగా ఉందా, నిన్న ఏం తిన్నాయి అన్న ప్రశ్నలూ రావు. తప్పు షాపాయనది కాదు, ఆయన పని అమ్మడం. చేతిలో ఒక ప్యాకెట్ పట్టుకుని ఇంటికి వెళ్తే మనకు ధైర్యంగా ఉంటుంది. ఏదో ఒకటి చేశామన్న తృప్తి దొరుకుతుంది. ఆ తృప్తే అసలు పనిని వాయిదా వేయిస్తుంది. "ఏం కలపాలి" అన్న ప్రశ్నను మొదటి స్థానం నుంచి చివరి స్థానానికి నెట్టడం ఈ అధ్యాయంలో మీరు నేర్చుకోవలసిన అలవాటు.

మన చుట్టూ ఏముంది

పందుల పెంపకం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఎరుకల కుటుంబాలు తరతరాలుగా చేస్తున్న వృత్తి ఇది. దేశంలో ప్రభుత్వం పెట్టిన కొద్దిపాటి బేకన్ ఫ్యాక్టరీల్లో ఒకటి గన్నవరంలో ఉండేది. అదే గన్నవరంలో 1998 నుంచి ఎన్టీఆర్ పశువైద్య కళాశాల నడుస్తోంది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం లార్జ్ వైట్ యార్క్‌షైర్‌ను నాటు పందులతో సంకరం చేసి టి-17 అనే రకాన్ని తయారు చేసింది. అడిగితే చెప్పేవాళ్లు ఏలూరుకు గంట దూరంలోనే, గన్నవరంలో ఉన్నారు.

మేతకూ కొదవ లేదు. తాడేపల్లిగూడెం చుట్టూ రైస్ మిల్లులు, వాటి నుంచి నూకలు, తవుడు. చింతలపూడి, లింగపాలెం మెట్ట నుంచి మొక్కజొన్న. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఎండు చేపల పొడి. చేపల చెరువుల పుణ్యమా అని డీఓబీ (నూనె తీసిన తవుడు), సోయా చెక్క, వేరుశనగ చెక్క ఎప్పుడూ దొరుకుతాయి.

వీటితోపాటు ఇంకొకటి కూడా దొరుకుతుంది. అదే చెరువుల అలవాటు. చెరువులో నీరు రంగు మారితే ఒక సంచి, రొయ్య తోక ఎర్రబడితే ఇంకో సంచి, అదీ ఖాతా మీద. ప్రోబయోటిక్, మినరల్, శానిటైజర్ అన్న మాటలు కొల్లేటి గ్రామాల్లో చదువురాని వాళ్లకు కూడా వచ్చు. ఆ పరిచయం మంచిదే. కానీ చెరువు నుంచి పందుల షెడ్డుకు మారినవాళ్లు సంచి అలవాటును కూడా వెంట తెచ్చుకుంటారు. పంది పిల్ల పొట్ట చెరువు కాదు. లోపల ఏం జరుగుతుందో ముందు చూద్దాం.

పొట్టలో జరిగేది

తల్లి దగ్గరున్న పిల్ల రోజుకు ఇరవైసార్లకు పైగా పాలు తాగుతుంది. వేళకు తల్లే పిలిచి ఇస్తుంది. ఆ పాలలోని లాక్టోజ్‌ను పొట్టలోని మంచి బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పిల్ల కడుపు సొంతంగా చాలినంత ఆమ్లం తయారు చేసుకోవాలంటే ఏడెనిమిది వారాల వయసు రావాలి. అంతవరకూ ఆ లోటును పాలే పూడుస్తాయి. పాలలోని యాంటీబాడీలు పేగు గోడను రోజూ కాపాడుతుంటాయి.

విడదీసిన రోజున ఇవన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. ద్రవం పోయి పొడి మేత వస్తుంది. తల్లి పిలుపు ఉండదు. చాలా పిల్లలు గంటల తరబడి దాణా ముట్టవు. కొన్ని రెండో రోజు కూడా ముట్టవు.

పేగు లోపలి గోడంతా విల్లైలు అనే సన్నటి పోగులు ఉంటాయి. అరిగిన మేతను పీల్చుకునేవి అవే. వాటి పోషణ చాలావరకు పేగులోంచి పోయే మేత మీదే ఆధారపడుతుంది. మేత ఆగితే ఒక్క రోజులోనే కురచబడడం మొదలై, నాలుగైదు రోజులకు బాగా పొట్టివవుతాయి. నీళ్లందని నారుమడి గిడసబారినట్టే.

ఆకలికి ఆగలేక మూడో రోజున పిల్ల పొట్ట పట్టనంత తింటుంది. గిడసబారిన పేగు దాన్ని అరిగించలేదు. కడుపులో ఆమ్లం చాలదు, అరగని ప్రోటీన్ కిందికి జారుతుంది. అక్కడ ఈ-కోలై దాని మీద పెరుగుతుంది. వీటిలో ఎఫ్4, ఎఫ్18 అనే రకాలు పేగు గోడకు అతుక్కుని విషం వదులుతాయి. ఆ విషం ఒంట్లోని నీటిని పేగులోకి లాగేస్తుంది. విడదీసిన మూడో రోజుకూ పదో రోజుకూ మధ్య మీరు చూసే పసుపు నీళ్ల పారుడు ఇదే.

వరస గమనించండి. ఆకలి ముందు వచ్చింది, క్రిమి తరవాత వచ్చింది. మనం మాత్రం క్రిమి దగ్గర మొదలుపెట్టి దానికే మందు కొంటాం. మొదటి రెండు రోజులు పిల్ల పొట్టలో కొంచెం కొంచెంగా మేత పడితే పారుడులో పెద్ద భాగం అసలు మొదలే కాదు. ఇక్కడి నుంచి మనం చేసే ప్రతి పనినీ ఈ ఒక్క మాటతో కొలవాలి.

డబ్బు పెట్టక్కర్లేని పనులు

*తొందరపడి విడదీయకండి.* యూరోపియన్ యూనియన్‌లో చట్ట ప్రకారం మామూలుగా 28 రోజులలోపు విడదీయకూడదు. అక్కడ వేడి గదులున్నాయి, పాలపొడి కలిసిన దాణాలున్నాయి. పది ఆడపందులున్న మన షెడ్డుకు 42 రోజులు మంచి గడువు. నేల, దాణా బాగా కుదిరాక 35కు తగ్గించే ఆలోచన చేయవచ్చు.

*తల్లి దగ్గరుండగానే తినడం నేర్పండి.* పుట్టిన ఏడో రోజు నుంచి పదో రోజు లోపల, తల్లి మూతి అందని మూలలో, పళ్లెంలో గుప్పెడు మెత్తటి దాణా పెట్టండి. పూటకోసారి పారేసి కొత్తది పెట్టండి. మొదట్లో తినేదానికన్నా చిమ్మేదే ఎక్కువ. అయినా ఆ వాసనకు, రుచికి అలవాటు పడుతుంది. విడదీసిన రోజున దానికి తొట్టి కొత్తగా ఉండదు.

*పిల్లల్ని కాదు, తల్లిని తీసేయండి.* పిల్లలు పుట్టిన గదిలోనే వారం రోజులు ఉండనివ్వండి. ఒక ఈత పిల్లల్ని ఇంకో ఈత పిల్లలతో అదే రోజు కలిపితే పెత్తనం కోసం కొట్టుకుంటాయి. ఓడిన పిల్ల తొట్టి దగ్గరికే రాదు.

*ఒకే రోజు అన్నీ మార్చకండి.* టీకా, నులిపురుగుల మందు, చెవి పోగు, కొత్త దాణా, కొత్త గది. మనిషి దొరికాడు కదా అని అన్నీ ఒక్క రోజే చేసేస్తాం. మనకు ఒక్క రోజు కలిసొస్తుంది, పిల్లకు పది రోజులు పోతాయి. విడదీసే రోజుకు వారం ముందూ వారం తరవాతా క్యాలెండర్ మీద గీత గీసి, ఆ గీతల మధ్య విడదీయడం తప్ప ఇంకే పనీ పెట్టుకోకండి. దాణా మార్చాలన్నా పాతదాన్ని తగ్గిస్తూ కొత్తదాన్ని పెంచుతూ వారం రోజులు తీసుకోండి.

*నీళ్లు మీరు తాగి చూడండి.* కొల్లేరు చుట్టుపక్కల చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. వేసవిలో కాలువలు కట్టేశాక చెరువు నీళ్లు చిక్కబడతాయి. నోట్లో పోసుకుని ఉమ్మేయాలనిపించిన నీళ్లను ఆరు వారాల పిల్లకు పెట్టకండి. మొదటి వారమైనా ఇంటికి తెచ్చుకునే మంచినీళ్లే పోయండి. నీళ్ల గొట్టం నిపుల్ నుంచి నిమిషానికి అర లీటరుకు తగ్గకుండా రావాలి. లీటరు సీసా పట్టి, గడియారం చూసి కొలవండి. మొదటి మూడు రోజులు నిపుల్‌తోపాటు వెడల్పాటి చిప్పలో కూడా నీళ్లుంచండి.

*నేల పొడిగా ఉంచండి.* "మన దగ్గర చలేముందండీ" అంటారు. విడదీసిన పిల్లకు మొదటి వారం 28 డిగ్రీల దాకా వెచ్చదనం కావాలి. కార్తీక మాసం నుంచి సంక్రాంతి వరకు కొల్లేటి గాలి రాత్రిళ్లు ఎంత చల్లగా ఉంటుందో మీకు తెలుసు. దానికి తోడు ఉదయం కడిగిన నేల సాయంత్రానికి ఆరకపోతే, తిన్నదంతా ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికే ఖర్చవుతుంది. ఒక మూల ఎండు గడ్డి, పైన గోనె పరదా, గాలి వచ్చే వైపు తడిక. పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకున్నాయంటే చలేస్తున్నట్టు, విడివిడిగా పక్కకు ఒరిగి పడుకున్నాయంటే హాయిగా ఉన్నట్టు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన పని. విడదీసిన రోజు సాయంత్రం, మర్నాడు ఉదయం, మర్నాడు సాయంత్రం షెడ్డులోకి దిగండి. ప్రతి పిల్లనూ వెనక నుంచి చూడండి. డొక్కలు లోపలికి పోయి, వెన్ను కొద్దిగా వంగి, చర్మం పాలిపోయి ఉన్న పిల్ల తిననట్టే. ఎత్తి పొట్ట కింద అరచెయ్యి పెట్టండి. తిన్న పొట్ట గుండ్రంగా, బరువుగా తగులుతుంది. తినని పొట్ట మెత్తగా, ఖాళీగా జారుతుంది. అలాంటి పిల్ల వీపు మీద రంగు సున్నంతో చుక్క పెట్టండి. చుక్క పిల్లల్ని పక్కకు తీసి, దాణాను గోరువెచ్చని నీళ్లలో జావలా కలిపి చిప్పలో పెట్టండి. మూతికి కాస్త రాస్తే నాకి రుచి పడుతుంది. రోజుకు అయిదారుసార్లు, ప్రతిసారీ అరగంటలో అయిపోయేంతే. మిగిలింది తీసేయండి. ఇరవై పిల్లలున్న షెడ్డులో పూటకు పావుగంట పని ఇది. ఏ సంచీ ఈ పని చేయదు.

తరవాత దాణా

ఈత పిల్లల దాణాలో సాధారణంగా 20 శాతం ప్రోటీన్ ఉండాలంటారు. పారుడు తరచూ వస్తున్న ఫారంలో మొదటి రెండు వారాలు దాన్ని 18కి తగ్గించి, పైన లైసిన్ అనే అమైనో ఆమ్లం కలపడం మేలు. అరగని ప్రోటీన్ తగ్గితే ఈ-కోలైకి తిండి తగ్గుతుంది. మన దగ్గర దొరికే సరుకుతో 100 కేజీలకు ఒక నమూనా ఇది. మొక్కజొన్న 45, నూకలు 20, సోయా చెక్క 20, మంచి చేపల పొడి 5, తవుడు 5, బెల్లం కేజీన్నర, నూనె 1, ఖనిజ లవణ మిశ్రమం కేజీన్నర, సిట్రిక్ యాసిడ్ 1. పైన 200 గ్రాముల లైసిన్, లేబుల్ మీద రాసినంత విటమిన్లు. మీ సరుకు నాణ్యతను బట్టి పశువైద్యుడితో సరిచేయించుకోండి.

ఒక్కో దాని గురించి ఒక్కో జాగ్రత్త.

నూకలు మన అదృష్టం. ఆస్ట్రేలియాలోని మర్డోక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వండిన తెల్ల అన్నం పందుల పేగుకు మేలు చేసి విరేచనాల రోగాలను తగ్గించడం గమనించారు. అన్నంలోని పిండి పదార్థం దాదాపు అంతా చిన్న పేగులోనే అరిగిపోతుంది, కింద క్రిములకు మిగిలేది తక్కువ. మొదటి వారం నూకలను ఉడికించి, చల్లార్చి, మిగతా దాణాలో కలపండి. పొద్దున వండింది సాయంత్రం వాడకండి.

తవుడు విషయంలో ముక్కును నమ్మండి. బియ్యం పట్టిన గంటల్లోనే తవుడులోని ఎంజైమ్ నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. నాలుగైదు రోజులున్న పచ్చి తవుడు ముక్క వాసన కొడుతుంది, నాలుక మీద చేదు తగులుతుంది. పెద్ద పందులు ఎలాగో సర్దుకుంటాయి, పిల్లలు సర్దుకోలేవు. ఉప్పుడు బియ్యం మిల్లు తవుడు ఎక్కువ కాలం నిలుస్తుంది. పచ్చి తవుడైతే మిల్లు నుంచి ఆ రోజే తెచ్చుకోండి. వేలితో నలిపితే గరుకుగా ఉంటే ఊక కలిసినట్టు.

చేపల పొడిని నాలుకతో చూడండి. బాగా ఉప్పగా ఉంటే దాణాలో వేరే ఉప్పు వేయకండి. ఉప్పు చేప, ఉప్పు నీళ్లు కలిస్తే పిల్లలకు మూర్ఛలు రావచ్చు, చావవచ్చు కూడా. మొక్కజొన్న, వేరుశనగ చెక్కల్లో బూజు మన తేమకు త్వరగా పడుతుంది. బూజు విషం పేగు గోడనే దెబ్బ తీస్తుంది. టాక్సిన్ బైండర్ కలిపి బూజు గింజ వాడొచ్చని ఎవరైనా అంటే వినకండి. బూజు గింజను పారేయండి.

హోటల్ ఎంగిలి పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. విడదీసిన మొదటి నెల పిల్లలకు అది అసలు వద్దు. పెద్దవాటికైనా బాగా మరిగించకుండా పెట్టకండి. 2020లో అస్సాంలో బయటపడ్డ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఇలాంటి తిండి ద్వారానూ వస్తుంది. దానికి మన దగ్గర టీకా లేదు.

ఇప్పుడు సంచులు

ఇంతదాకా చేసినవాళ్లకే ఈ భాగం. చేయనివాళ్లు మళ్లీ వెనక్కి వెళ్లండి.

*ఆమ్లాలు.* నా లెక్కలో మొదటి స్థానం వీటిదే. పిల్ల కడుపులో చాలని ఆమ్లాన్ని ఇవి భర్తీ చేస్తాయి. ప్రోటీన్ బాగా అరుగుతుంది, ఈ-కోలై తగ్గుతుంది. సిట్రిక్ యాసిడ్ అయితే దాణాలో ఒక శాతం. ఫార్మిక్, బెంజోయిక్, ఫ్యూమరిక్ కలిపిన తయారీలు కూడా దొరుకుతాయి, వాటిని లేబుల్ ప్రకారం వాడండి. నీళ్లలా ఉండే ఫార్మిక్ యాసిడ్‌ను మీరే కొలిచి కలపకండి. చర్మం, కళ్లు కాలిపోతాయి. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. చవక ఖనిజ మిశ్రమాల్లో ఎక్కువ భాగం సున్నపురాయి పొడే. అది ఆమ్లాన్ని మింగేస్తుంది. ఒక చేత్తో యాసిడ్, ఇంకో చేత్తో సున్నం వేస్తే రెండు ఖర్చులూ వృథా. అందుకే నమూనాలో ఖనిజ మిశ్రమం కేజీన్నర దగ్గర ఆపాను. రెండు వారాల తరవాత పెంచుకోవచ్చు.

*ప్రోబయోటిక్‌లు.* చెరువులో చల్లే ప్రోబయోటిక్ నీటి కోసం, అడుగు బురద కోసం తయారైంది. దాన్ని పంది దాణాలో వేయకండి. పశువుల దాణాకని రాసి ఉన్నదే కొనండి. లేబుల్ మీద మూడు చూడండి: ఏ జాతి, గ్రాముకు ఎన్ని కోట్లు, గడువు తేదీ. దాణాలో కలిపాక కేజీకి వంద కోట్లు వచ్చేలా ఉండాలి. బాసిల్లస్ జాతులు బీజాలుగా ఉండి మన ఎండకు తట్టుకుంటాయి, లాక్టోబాసిల్లస్ తట్టుకోలేదు. యాంటీబయోటిక్ ఇస్తున్న రోజుల్లో ప్రోబయోటిక్ కలిపితే డబ్బు దండగ. వ్యాధి మొదలయ్యాక కాదు, విడదీయడానికి వారం ముందే మొదలుపెట్టాలి.

*పులిసిన దాణా.* గోదావరి ఇళ్లలో తరవాణి కుండ చూసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. డెన్మార్క్, నెదర్లాండ్స్ ఫారాల్లో దాణాను నీళ్లలో పులియబెట్టి పెట్టే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. పులుపు 4.5 పీహెచ్ కన్నా కిందికి దిగితే ఈ-కోలై అందులో బతకడం కష్టం. పాత పులుపు కొంచెం మిగిల్చి దానితోనే కొత్తది తోడు పెట్టాలి. గింజల పిండినే పులియబెట్టండి. చేపల పొడి, లైసిన్ పెట్టేముందు కలపండి. రొయ్యల చెరువుల వాళ్లకు మందులమ్మే ఏ షాపులోనైనా పీహెచ్ కాగితాలు దొరుకుతాయి. కాగితం చూపించకుండా "పులిసిందిలే" అని పెట్టకండి. సరిగా పులవనిది కుళ్లినదానితో సమానం.

*ఎంజైమ్‌లు.* తవుడు వాడే మనకు ఫైటేజ్ పనికొస్తుంది. తవుడులో బిగిసిపోయిన భాస్వరాన్ని అది విడిపిస్తుంది. పారుడుకు మాత్రం అది మందు కాదు.

*నూనెలు.* కొబ్బరి నూనెలో, పామ్ గింజ నూనెలో ఉండే మధ్యరకం కొవ్వు ఆమ్లాలు తేలిగ్గా అరుగుతాయి, కొన్ని క్రిములను అణచగలవు. పెదవేగిలో భారతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉన్న ప్రాంతం మనది, చుట్టూ తోటలే. అయితే పండు గుజ్జు నుంచి తీసే పామాయిల్‌లో ఈ గుణం లేదు. గింజ నూనె వేరు. నమూనాలోని కేజీ నూనె కొబ్బరిదైతే మంచిది.

*జింక్ ఆక్సైడ్.* పని చేస్తుంది, అందులో అనుమానం లేదు. టన్నుకు మూడు కేజీల దాకా వేస్తే పారుడు కట్టేస్తుంది. కానీ పిల్ల ఒంటికి పట్టేది కొంచెం, మిగతాదంతా పేడలో పోతుంది. నేలలో పేరుకుపోతుందనీ, మందులకు లొంగని క్రిములను పెంచుతుందనీ యూరోపియన్ యూనియన్ 2022 జూన్ నుంచి ఆ మోతాదును ఆపేసింది. మన దగ్గర పేడ ఎక్కడికి పోతుందో ఆలోచించండి. చేలకు, చేపల చెరువులకు, అక్కడి నుంచి కాలువల గుండా కొల్లేటికి. ఆ సరస్సు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. దాని నీళ్లకు ఉప్పుటేరు తప్ప సముద్రానికి దారి లేదు. పశువైద్యుడు రాసిస్తే, రెండు వారాలకు మించకుండా, రాసినంతే. అలవాటుగా మాత్రం వద్దు.

*యాంటీబయోటిక్‌లు.* స్వీడన్ 1986లోనే పెరుగుదల కోసం వీటిని దాణాలో కలపడం ఆపింది. యూరోపియన్ యూనియన్ అంతా 2006 జనవరి 1 నుంచి ఆపేసింది. 2015లో చైనా పరిశోధకులు పందుల్లోని క్రిముల్లో, వాటిని కొలిస్టిన్‌కు లొంగకుండా చేసే జన్యువును కనుక్కున్నారు. కొలిస్టిన్ మనుషులకు ఆఖరి ఆసరాగా వాడే మందు. 2019 జూలైలో భారత ప్రభుత్వం తిండికోసం పెంచే జంతువుల్లో, దాణాలో కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. ఎవరైనా ఇప్పటికీ అమ్మజూపితే కొనకండి. యాంటీబయోటిక్ అవశేషాలున్నాయని రొయ్యల కంటైనర్లు వెనక్కి వచ్చిన కథలు మీ ఊళ్లోనే విని ఉంటారు.

కలిపే తీరు

200 గ్రాముల పొడిని 100 కేజీల దాణా కుప్ప మీద చల్లి పారతో తిరగేస్తే ఒక పిల్లకు పదింతలు, ఇంకో పిల్లకు సున్నా. ముందు ఆ 200 గ్రాములను కేజీ నూక పిండిలో కలపండి. దాన్ని అయిదు కేజీల దాణాలో, దాన్ని పాతిక కేజీల్లో, చివరికి మొత్తంలో. ప్రతి మెట్టులోనూ రంగు, వాసన ఒకేలా అయ్యేదాకా తిరగేయాలి. కలిపిన దాణా పదిరోజులకు మించి నిలవ పెట్టకండి. బస్తాను గోడకు ఆనించకుండా చెక్కల మీద పెట్టండి.

నమ్మకం కాదు, తూకం

పక్క ఫారంలో పని చేసిందన్న మాట మీకు సాక్ష్యం కాదు. వాళ్ల నీళ్లు వేరు, వాళ్ల నేల వేరు. మీ షెడ్డులోనే తేల్చుకోండి. ప్రతి ఈతలోని పిల్లల్ని బరువులు సమానంగా వచ్చేలా రెండుగా విడగొట్టండి. ఒక గదికి కలిపిన దాణా, ఇంకో గదికి అదే దాణా కలపకుండా. విడదీసిన రోజున, 14వ రోజున తూకం. రోజూ పేడ చూసి 0, 1, 2 అని వేయండి. గట్టిది 0, మెత్తనిది 1, నీళ్లది 2. రెండు మూడు ఈతలు ఇలా చూశాక మీకు దొరికేది మీ సొంత జ్ఞానం. దాన్ని ఎవరూ మీకు ఖాతా మీద అమ్మలేరు.

డబ్బు లెక్క కూడా వేసుకోండి. ఇరవై పిల్లలు రోజుకు సగటున 400 గ్రాముల చొప్పున 14 రోజులు తింటే 112 కేజీల దాణా. టన్నుకు రెండు కేజీలు కలిపే పొడి ధర కేజీ 400 రూపాయలనుకుందాం. మొత్తం ఖర్చు 90 రూపాయలు, పిల్లకు నాలుగున్నర. అంటే సంచి ఖరీదు మనల్ని ముంచేది కాదు. దాన్ని నమ్ముకుని పొట్టలు చూడకుండా వదిలేసిన రెండు సాయంత్రాలు ముంచుతాయి.

అయినా పారుడు వస్తే

భయపడి దాణా పూర్తిగా ఆపకండి, సగం చేయండి. నీళ్లు అసలు ఆపకండి. పిల్లను చంపేది ఒంట్లో నీరు పోవడమే. లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి ఒక చిప్పలో, మామూలు నీళ్లు ఇంకో చిప్పలో పెట్టండి. పారుతున్న పిల్లల్ని వేరు చేసి, ఆ గదిలో వాడిన చీపురు, బకెట్ ఇంకో గదిలోకి తీసుకెళ్లకండి. ఆరోగ్యంగా ఉన్న గది పని ముందు, జబ్బు గది పని తరవాత.

కనురెప్పలు ఉబ్బినా, బాగా పెరుగుతున్న పిల్ల ఉన్నట్టుండి చచ్చినా, పేడలో రక్తం కనిపించినా, 41 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా, పెద్ద పందులు కూడా మేత మానేసినా ఇంటి వైద్యం ఆపి పశువైద్యుణ్ణి పిలవండి. సంచార పశువైద్య వాహనానికి 1962కు ఫోన్ చేయవచ్చు. చచ్చిన పిల్లను కాలువలో పారేయకండి, సున్నం వేసి లోతుగా పూడ్చండి.

ఈ వారం మీ పని

ఒక నోటుపుస్తకం కొనండి. మొదటి పేజీలో వచ్చే ఈతను విడదీసే తేదీ రాసి, అటు వారం ఇటు వారం గీతలు గీయండి. రెండో పేజీలో నిపుల్ నుంచి నిమిషానికి ఎన్ని నీళ్లు వస్తున్నాయో కొలిచి రాయండి. మూడో పేజీలో ప్రస్తుతం మీ దాణాలో కలుపుతున్న ప్రతి సంచి పేరూ, అది ఎందుకు కలుపుతున్నారో ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం రాయలేని సంచిని ఈ ఈతకు కొనకండి. నాలుగో పేజీ ఖాళీగా ఉంచండి. విడదీసిన రోజు సాయంత్రం ఎన్ని పిల్లల వీపున చుక్క పెట్టారో అందులో వేయండి, మర్నాటి సాయంత్రానికి వాటిలో ఇంకా తినకుండా ఎన్ని మిగిలాయో దాని పక్కన వేయండి. ఈతకూ ఈతకూ ఆ రెండో అంకె సున్నాకు దగ్గరవుతుంటే మీరు సరైన దారిలో ఉన్నట్టు. అప్పుడు సంచుల గురించి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.